4 సెకన్ల బిట్ వాడినా కాపీరైట్ క్లెయిమేనా?

శ్రుతిపెట్టె
పాత సినిమా పాటల మీద నాకో చిన్న యూట్యూబ్ ఛానల్ ఉంది. పాట తీసుకుని, ఇక్కడ రాగం ఎలా తిరిగింది, ఈ చరణం ముందు వయొలిన్లు ఎందుకు ఆగాయి, గాయకుడు ఊపిరి ఎక్కడ తీసుకున్నాడు అని మాట్లాడుతుంటాను. నా ముఖం కూడా కనపడదు, హార్మోనియం మీద వేళ్లే కనపడతాయి. మొన్న ‘గుండమ్మ కథ’ పాటల మీద ఒక వీడియో పెట్టాను. గంట తిరక్కుండా రెండు క్లెయిములు వచ్చి పడ్డాయి.

ఒకటి, మధ్యలో వినిపించిన 12 సెకన్ల పల్లవికి. అది వినిపించకుండా దాని గురించి ఏం మాట్లాడాలి? రెండోది నా ఇంట్రో మ్యూజిక్‌కి. ఎనభైల్లో వచ్చిన ఒక పాటలో డ్రమ్స్, బేస్ కలిసి వచ్చే 4 సెకన్ల ముక్క తీసి, పిచ్ తగ్గించి, లూప్ చేసి వాడుకుంటున్నాను. అసలు పాట ఏదో మా ఇంట్లోవాళ్లే గుర్తుపట్టలేదు, మెషీన్ పట్టేసింది.

30 సెకన్ల లోపు అయితే తప్పు లేదని అందరూ అంటారు కదా. కింద డిస్క్రిప్షన్‌లో ‘ఫెయిర్ యూజ్, హక్కులన్నీ సొంతదారులవే’ అని కూడా రాశాను. వీడియో మీద వచ్చే ఆ నాలుగు రూపాయలూ ఇప్పుడు ఒక మ్యూజిక్ కంపెనీకి పోతాయట. ఇదేం న్యాయం?

మీమ్_మాస్టర్
హక్కులన్నీ సొంతదారులవే అని నువ్వే రాసిచ్చావు. డబ్బులు కూడా వాళ్లవే అని వాళ్లు చదువుకున్నారు.

ఎడిట్_వాసు
30 సెకన్ల రూల్ అనేది లేదు బ్రో. పెళ్లి వీడియోలు ఎడిట్ చేసేవాణ్ణి, ఈ మాట నమ్మి ఎన్నోసార్లు దెబ్బతిన్న కస్టమర్లను చూశాను. పక్కింటి చెట్టు నుంచి మూడు కాయలే కోస్తే దొంగతనం కాదు అన్నట్టుంటుంది. కొందరు 7 సెకన్లు అంటారు, కొందరు 10 అంటారు. ఎవరిని అడిగినా ఇంకెవరో చెప్పారంటారు.

బీట్_మల్లేష్
వాసన్నా, కాయల పోలిక నాకు నచ్చలే. కాయ కోస్తే చెట్టుకాడ కాయ తక్కువ అయితది. పాటల నుంచి 4 సెకన్లు తీస్తే ఆ పాటకు ఏం తక్కువైంది? హిప్‌హాప్ మొత్తం పుట్టిందే ఇట్ల. పాత రికార్డుల డ్రమ్ బ్రేకులు పట్టుకుని రెండు టర్న్‌టేబుళ్ల మీద తిప్పి తిప్పి కొత్త సంగీతం చేసిండ్రు. లైసెన్స్ కొనుక్కొని రమ్మంటే న్యూయార్క్ బ్రాంక్స్‌ల ఒక్క పాట కూడా పుట్టకపోవు.

ఎడిట్_వాసు
పుట్టింది నిజమే మల్లేష్, ఆ తర్వాత కోర్టుల చుట్టూ తిరిగింది కూడా నిజమే.

శ్రుతిపెట్టె
చట్టం తెలిసినవాళ్లు ఎవరైనా చెప్పండి. ఫెయిర్ యూజ్ అనేది మన దగ్గర ఉందా లేదా?

నల్లకోటు
ఉన్నది ఫెయిర్ యూజ్ కాదు, ఫెయిర్ డీలింగ్. రెండూ ఒకటే అనుకోవడం దగ్గరే సగం తంటా మొదలవుతుంది.

అమెరికా చట్టంలో సెక్షన్ 107 తలుపు బార్లా తెరిచి ఉంచుతుంది. ఏ పనికోసం వాడినా సరే, నాలుగు సంగతులు తూచి చూస్తారు: ఎందుకు వాడావు, అసలు కృతి ఎలాంటిది, ఎంత తీసుకున్నావు, దాని మార్కెట్ దెబ్బతిన్నదా. మన 1957 కాపీరైట్ చట్టం సెక్షన్ 52 అలా కాదు, ఫలానా పనులకు మాత్రమే అని గీత గీసి చెబుతుంది. సొంత వాడకం, పరిశోధన. విమర్శ లేదా సమీక్ష. వర్తమాన విషయాల వార్తలు. వీటిల్లో ఒకదాని కిందికి వస్తేనే, తీసుకున్నది న్యాయంగా ఉందా అన్న ప్రశ్న మొదలవుతుంది. రాకపోతే ఎంత కొంచెం తీసుకున్నా ఈ మినహాయింపు నీది కాదు.

ఇప్పుడు మీ రెండు క్లెయిములు విడివిడిగా చూడండి. పల్లవి వినిపించి, ఆ పల్లవి గురించే మాట్లాడారు. అది విమర్శ, సమీక్ష. గట్టిగా వాదించవచ్చు. ఇంట్రోలో వాడిన డ్రమ్స్ గురించి మీరు ఒక్క ముక్క మాట్లాడలేదు, బాగుంది కాబట్టి వాడుకున్నారు. దానికి వాదన లేదు. 12 సెకన్లది నిలబడుతుంది, 4 సెకన్లది నిలబడదు. సెకన్లు లెక్కపెట్టడం ఎందుకు దండగో ఇందులోనే ఉంది.

శ్రుతిపెట్టె
సార్, పల్లవి సంగతి బాగా చెప్పారు. ఇంట్రో సంగతి మాత్రం మింగుడు పడటం లేదు. పిచ్ మార్చాను, లూప్ చేశాను, గుర్తుపట్టలేనంతగా మార్చాను. మార్చాక అది నాది కాదా?

నల్లకోటు
సౌండ్ రికార్డింగ్ సొంతదారుకి ఉన్న హక్కుల్లో మొదటిదే, ఆ రికార్డింగ్‌ను ఇముడ్చుకున్న ఇంకో రికార్డింగ్ చేసే హక్కు. సెక్షన్ 14లో ఉంది. మీరు పిచ్ మార్చినా లోపల ఉన్నది ఆ రోజు స్టూడియోలో ఆ డ్రమ్మర్ కొట్టిన దెబ్బే.

బీట్_మల్లేష్
మరి అదే దెబ్బ నేను నా డ్రమ్స్ మీద కొడితే?

నల్లకోటు
అప్పుడు రికార్డింగ్ హక్కుతో పేచీ లేదు. బాణీ హక్కు వేరే ఉంటుంది. మామూలు డ్రమ్ బీట్ మీద బాణీ హక్కు నిలబెట్టడం కష్టం, ప్రత్యేకమైన బేస్‌లైన్ అయితే మాత్రం ఆలోచించాలి.

డల్లాస్_బాబాయ్
శాంపిలింగ్ అంటే పాత రికార్డులోని ముక్క తీసి కొత్త పాటలో వాడటం. ఇక్కడ అమెరికాలోనే దాని మీద కోర్టులు ఒక మాట మీద లేవు. 2005లో బ్రిడ్జ్‌పోర్ట్ కేసులో, టెనెస్సీ కిందికి వచ్చే సిక్స్త్ సర్క్యూట్ అప్పీల్ కోర్టు సూటిగా చెప్పింది: లైసెన్స్ తీసుకో, లేదంటే శాంపిల్ చేయకు. అక్కడ గొడవ ఫంకాడెలిక్ అనే బ్యాండ్ పాటలోని 2 సెకన్ల గిటార్ ముక్క గురించి. 2016లో మడోనా పాట మీద వచ్చిన కేసులో, కాలిఫోర్నియా కిందికి వచ్చే నైన్త్ సర్క్యూట్ అప్పీల్ కోర్టు, ఆ తీర్పు మేం ఒప్పుకోం, సామాన్య శ్రోత గుర్తుపట్టలేనంత చిన్నదైతే తప్పు కాదు అంది. అక్కడున్నది సెకనులో పావు వంతు కూడా లేని హార్న్ చప్పుడు. అంటే టెనెస్సీలో తప్పు, కాలిఫోర్నియాలో ఒప్పు.

బీట్_మల్లేష్
అయితే మకాం కాలిఫోర్నియాకు మార్చుడే.

మీమ్_మాస్టర్
ఇంటద్దె కట్టేకంటే శాంపిల్‌కి లైసెన్స్ చవక.

రిటైర్డ్_ప్రొజెక్టర్
మన పాటలు వాళ్లు ఎత్తుకుపోయినప్పుడు ఈ చట్టాలన్నీ ఎక్కడికి పోయాయి? 2002లో ఒక అమెరికన్ పాట మొత్తం లతా మంగేష్కర్ గొంతు మీదే నడిచింది. బప్పీ లహరి బాణీ.

డల్లాస్_బాబాయ్
అది ట్రూత్ హర్ట్స్ పాడిన ‘అడిక్టివ్’ అన్నగారూ. అందులో వాడింది 1981 నాటి ‘జ్యోతి’ సినిమా పాట. ఊరికే పోలేదు. లాస్ ఏంజిలెస్ కోర్టు, బప్పీ లహరి పేరు క్రెడిట్స్‌లో వేసేదాకా ఆ సీడీ అమ్మొద్దని ఆపింది. ఇళయరాజా పాట ముక్కను బ్లాక్ ఐడ్ పీస్ వాళ్లు వాడుకున్నదీ ఆ రోజుల్లోనే, 2003 ఆల్బమ్‌లో.

దానికంటే తమాషా అయినది ‘ఆరాధన’ కేసు. 1969 సినిమాలోని ఒక పాట నుంచి సెకను ముక్క టింబలాండ్ చేసిన ఒక ర్యాప్ పాటలో ఉందని మన మ్యూజిక్ కంపెనీ సరెగమ దావా వేసింది. 2011లో అప్పీల్ కోర్టు ఆ సెకను ఎక్కువా తక్కువా అన్న దాని జోలికే పోలేదు. నిర్మాతతో అప్పట్లో రాసుకున్న ఒప్పందం చదివి, అసలు ఆ రికార్డింగ్ హక్కు మీకు ఉన్నట్టే లేదు కదా అని కేసు కొట్టేసింది.

శ్రుతిపెట్టె
ఇది బాగుంది. అంటే క్లెయిమ్ వేసినవాడికి నిజంగా హక్కు ఉందో లేదో నేనూ అడగొచ్చన్నమాట. ‘గుండమ్మ కథ’ 1962 సినిమా. అరవై ఏళ్లు దాటింది. కాపీరైట్ ఇంకా ఉందా అసలు?

నల్లకోటు
మంచి ప్రశ్న, జవాబు మాత్రం ఒక్క ముక్కలో లేదు. సినిమా పాట అంటే ఒక హక్కు కాదు, పొరలు పొరలుగా ఉంటుంది.

సినిమాకి, సౌండ్ రికార్డింగ్‌కి విడుదలైన తర్వాతి సంవత్సరం మొదలు 60 ఏళ్లు. 1962 సినిమాకి 2022 చివరితో అయిపోయింది. రికార్డు కూడా ఆ ఏడే వచ్చి ఉంటే దానిదీ అంతే.

సాహిత్యం, బాణీ అలా కాదు. రచయిత, స్వరకర్త జీవితకాలం, ఆపైన 60 ఏళ్లు. పాటలు రాసిన పింగళి నాగేంద్రరావు 1971లో పోయారు, కాబట్టి సాహిత్యానికి 2031 చివరిదాకా ఉంది. ఘంటసాల 1974లో పోయారు, బాణీలకు 2034 చివరిదాకా. మాటలు రాసిన డి.వి.నరసరాజు 2006 దాకా ఉన్నారు. ‘గుండమ్మ కథ’ డైలాగుకి 2066 దాకా హక్కు నడుస్తుంది.

సినిమాను సినిమాగా ప్రదర్శించడానికి ఇవి అడ్డం రాకుండా సెక్షన్ 52లోనే ఒక మినహాయింపు ఉంది. అందులోంచి పాట విడదీసి ఇంకో పనికి వాడితే ఆ మినహాయింపు అక్కరకు రాదు.

రిటైర్డ్_ప్రొజెక్టర్
నేను రీళ్లు తిప్పిన సినిమా బొమ్మ ఫ్రీ, అందులో సూర్యకాంతం నోట్లోంచి వచ్చిన మాట మాత్రం ఫ్రీ కాదు! గుండమ్మ నోటికి చట్టం కూడా జడిసినట్టుంది.

కోకిలమ్మ
అన్నమయ్య కీర్తనలు పాడేవాళ్లకు ఇదే తిరకాసు. ఆయన 1503లో పరమపదించారు, సాహిత్యం ఎవరైనా పాడుకోవచ్చు. కానీ మనం ఇవాళ పాడుకునే చాలా బాణీలు గత శతాబ్దంలో కట్టినవి. రాగిరేకుల్లో సాహిత్యం, రాగం పేరు దొరికాయి కానీ స్వరాలు లేవు. ‘నానాటి బతుకు నాటకము’ మనకు తెలిసిన రేవతి రాగంలో కట్టింది నేదునూరి కృష్ణమూర్తి గారు. ఆయన 2014 దాకా ఉన్నారు. మా సంగీతం క్లాసులో పిల్లలకు ఈ మాట చెబితే, దేవుడి పాటకు కాపీరైట్ ఏమిటి టీచర్ అంటారు.

శ్రుతిపెట్టె
కోకిలమ్మ గారూ, మీ పిల్లల మాటే నాదీ. తంబురా పట్టుకుని ఇంట్లో పాడి పెట్టినా క్లెయిమ్ వస్తుందా?

కోకిలమ్మ
మా విద్యార్థిని ఒకమ్మాయి త్యాగరాజ కృతి తనే పాడి, తనే అప్‌లోడ్ చేస్తే, వేరే ఎవరి ఆల్బమ్‌దో అని క్లెయిమ్ వచ్చింది. అదే రాగం, అదే కృతి, గొంతు దగ్గరగా ఉందని మెషీన్ అనుకుంది. డిస్ప్యూట్ పెడితే వదిలేశారు. త్యాగరాజు 1847లో పోయారు, బాణీ కూడా ఆయనదే, అక్కడ ఎవరికీ ఏ హక్కూ లేదు.

బీట్_మల్లేష్
జానపదాలు కూడా గట్లనే కదా? బతుకమ్మ పాటకు ఓనర్ ఎవడు?

కోకిలమ్మ
పాటకు ఎవరూ లేరు. ఒకరు స్టూడియోలో పాడించిన రికార్డింగ్‌కి ఉంటారు. ఇంకొకరు కొత్త చరణాలు రాసి చేర్చితే ఆ చరణాలకి ఉంటారు. ‘సారంగదరియా’ సినిమాలో వచ్చినప్పుడు 2021లో ఎంత చర్చ జరిగిందో గుర్తుందిగా. అక్కడ చట్టం కంటే ఎక్కువగా నొప్పి కలిగించింది, ఊళ్లు తిరిగి పాట సేకరించిన వాళ్ల పేరు, ముందు నుంచీ పాడుతున్న వాళ్ల పేరు ఎవరు గుర్తుంచుకోవాలన్నదే. చట్టంలో దానికి గడి లేదు.

ఎడిట్_వాసు
పెళ్లి వీడియోల సంగతి కూడా తేల్చండి లాయర్ గారూ. పెళ్లిలో పాటలకు రాయల్టీ అక్కర్లేదని కేంద్రం 2023లో నోటీసు ఇచ్చింది కదా. మరి నేను ఎడిట్ చేసిన పెళ్లి టీజర్‌లో సినిమా పాట పెడితే ఇన్‌స్టాలో సౌండ్ తీసేస్తున్నారు. పెళ్లికూతురు నాకు ఫోన్ చేసి ఏడుపు.

నల్లకోటు
ఆ నోటీసు చెప్పింది సెక్షన్ 52లో ఉన్నదే. మతపరమైన వేడుకలో, పెళ్లి ఊరేగింపులో, పెళ్లికి సంబంధించిన సంబరాల్లో పాట వేస్తే ఉల్లంఘన కాదు. అది బరాత్‌లో డీజే పెట్టే పాటకు. మీరు టీజర్ మీద పాట అతికించి ప్రపంచానికి చూపించడం పెళ్లి సంబరంలో భాగం కాదు. పైగా అది మీకు వ్యాపార ప్రచారం. దృశ్యానికి పాట జతచేస్తే దానికి సింక్ లైసెన్స్ అని వేరే తీసుకోవాలి.

ఎడిట్_వాసు
బరాత్‌లో మోగుతున్న పాటే నా కెమెరాలో రికార్డయితే?

నల్లకోటు
వెనకాల వినపడిన దానికీ, మీరు టైమ్‌లైన్ మీద పరిచిన దానికీ తేడా ఉంది. మొదటిది చాలా తేలికగా సమర్థించుకోవచ్చు. మెషీన్‌కి ఆ తేడా తెలియదు, అది వేరే బాధ.

డల్లాస్_బాబాయ్
దీనికి ఇక్కడ పేరున్న కేసే ఉంది. ఒక తల్లి తన బిడ్డ వంటింట్లో గంతులేస్తుంటే తీసిన 29 సెకన్ల వీడియో. వెనకాల ప్రిన్స్ అనే గాయకుడి పాట సన్నగా వినిపిస్తోంది. 2007లో మ్యూజిక్ కంపెనీ దాన్ని తీసేయించింది. ఆమె తిరిగి దావా వేసింది. నోటీసు పంపేముందు అది ఫెయిర్ యూజా కాదా అని ఆలోచించాల్సిన బాధ్యత మీకు ఉంది అని 2015లో అప్పీల్ కోర్టు కంపెనీకి చెప్పింది.

శ్రుతిపెట్టె
ఎనిమిదేళ్లు! అప్పటికి ఆ బిడ్డే కోర్టుకు నడిచి వెళ్లి సాక్ష్యం చెప్పగలడు.

మీమ్_మాస్టర్
నా అసలు భయం చెబుతాను. బ్రహ్మానందం గారి ముఖం మీద క్లెయిమ్ వేస్తే తెలుగు ఇంటర్నెట్ మూతపడుతుంది. మాకు భాష అదే.

ఎడిట్_వాసు
మీ ధైర్యానికి ఒకటే కారణం మాస్టారూ, మీమ్ వల్ల సినిమాకు ప్రచారం వస్తుందని నిర్మాతలు ఊరుకుంటున్నారు. ఊరుకోవడం వేరు, హక్కు ఇవ్వడం వేరు. ఊరుకోనివాళ్లూ ఉన్నారు. 2024లో నయనతార డాక్యుమెంటరీలో 3 సెకన్ల షూటింగ్ విజువల్స్‌కి ధనుష్ వైపు నుంచి 10 కోట్లకు నోటీసు వచ్చిందని ఆవిడే బహిరంగంగా రాశారు.

బీట్_మల్లేష్
సెకనుకు మూడు కోట్ల ముప్పై మూడు లక్షలు. నా జీవితం మొత్తం వీడియో తీసినా అంత రాదు.

రిటైర్డ్_ప్రొజెక్టర్
ఇళయరాజా గారు 2017లో బాలు గారికే నోటీసు పంపారు. అమెరికా టూర్‌లో ఉండగా. ఇద్దరూ కుర్రతనం నుంచీ స్నేహితులు. నాకైతే ఆ రోజు చాలా బాధేసింది.

కోకిలమ్మ
బాధ నాకూ వేసింది. కానీ ఒక మాట. దశాబ్దాలపాటు మన దగ్గర పాట రాసినవాళ్లకి, బాణీ కట్టినవాళ్లకి నిర్మాత ఒకసారి ఇచ్చిన డబ్బే తప్ప ఇంకేమీ దక్కలేదు. రికార్డులు అమ్ముకున్నవాళ్లు మాత్రం బాగుపడ్డారు. 2012 సవరణ వచ్చాకే గదా, ఎంత రాసిచ్చినా రాయల్టీలో వాటా పోదు అని చట్టంలోకి ఎక్కింది. దానికోసం జావేద్ అఖ్తర్ రాజ్యసభలో గట్టిగా పోరాడారు. ఒక పెద్దాయన నా బాణీ నాది అంటే మనకు ఎందుకంత కోపం వస్తుందో కూడా ఆలోచించుకోవాలి.

రిటైర్డ్_ప్రొజెక్టర్
కాదనను అమ్మా. నోటీసు ఈవెంట్ నడిపేవాళ్లకు పంపితే పోయేది. స్టేజి మీద పాడేవాడికి ఎందుకు?

కోకిలమ్మ
ఆ మాట నిజం.

బీట్_మల్లేష్
నాకు మీ అందరితోని ఒక పేచీ ఉంది. శ్రుతిపెట్టె అన్న బిట్‌ల డ్రమ్స్ కొట్టినాయనకు ఈ క్లెయిమ్ పైసలల్ల ఒక్క రూపాయన్న పోతదా? పోదు. ఆయన పేరు కూడా క్యాసెట్ కవర్ మీద ఉండదు. నేను శాంపిల్ చేసినప్పుడు ఆ డ్రమ్మర్ ఎవరని వెతుకుత, మా పిల్లగాండ్లకు చెప్త. కంపెనీ ఎప్పుడన్న చెప్పిందా? చట్టం ప్రకారం నేను దొంగ, సరే. కానీ ఆ దెబ్బను బతికిస్తున్నది ఎవరు?

నల్లకోటు
మల్లేష్ గారూ, మీ మాటలో న్యాయం ఉంది, మీ చేతిలో సెక్షన్ లేదు.

బీట్_మల్లేష్
సెక్షన్ రాసెటోళ్లు పాటలు వినరు.

వేదిక_కాపలా
టాపిక్ మీదే ఉండండి. క్లెయిమ్ వస్తే ఏం చేయాలో ఇంకా ఎవరూ చెప్పలేదు.

ఎడిట్_వాసు
నేను చెబుతా. ముందు క్లెయిమ్, స్ట్రైక్ ఒకటి కాదు. శ్రుతిపెట్టెకి వచ్చింది కంటెంట్ ఐడీ క్లెయిమ్. అది మెషీన్ వేసింది. ఛానల్‌కి ముప్పు లేదు, ఆదాయం వాళ్లకు పోతుంది లేదా కొన్ని దేశాల్లో వీడియో కనపడదు. టెన్షన్ పడాల్సింది స్ట్రైక్ వస్తే. 90 రోజుల్లో మూడు పడితే ఛానల్ ఎగిరిపోతుంది.

స్టూడియోలోకి వెళితే ఆ ముక్క కోసేయడం, మ్యూట్ చేయడం, వేరే మ్యూజిక్ పెట్టడం అక్కడే చేసుకోవచ్చు, వీడియో తీసి మళ్లీ పెట్టక్కర్లేదు. ఇంట్రోకి అదే చెయ్యి. పల్లవికి మాత్రం డిస్ప్యూట్ పెట్టు. వాళ్లకి 30 రోజులు టైమ్. నోరు మెదపకపోతే క్లెయిమ్ దానంతట అదే పోతుంది. 5 రోజుల్లోపు డిస్ప్యూట్ పెడితే మొదటి రోజు నుంచీ ఆదాయం పక్కన ఆపి ఉంచుతారు, గెలిచినవాళ్లకు ఇస్తారు.

వాళ్లు కాదంటే అప్పీల్. అప్పీల్ కూడా నచ్చకపోతే వాళ్లు టేక్‌డౌన్, అంటే వీడియో తీసేయమన్న నోటీసు, పంపొచ్చు, అప్పుడు స్ట్రైక్ పడుతుంది. అక్కడిదాకా వెళ్లాలా వద్దా అనేది నీ గుండె ధైర్యం మీద ఆధారపడి ఉంటుంది.

నల్లకోటు
వాసు గారు చెప్పింది సరిగ్గా ఉంది. డిస్ప్యూట్ కారణం రాసేటప్పుడు ‘ఫెయిర్ యూజ్’ అని రెండు ముక్కలు రాసి వదిలేయొద్దు. ఏ నిమిషం నుంచి ఏ నిమిషం దాకా, అక్కడ మీరు ఆ పల్లవి గురించి ఏం చెప్పారు, వినిపించకుండా ఎందుకు చెప్పలేరు, రాయండి. సెక్షన్ 52(1)(ఎ) పేరు పెట్టి రాయండి. అవతల చదివేది మనిషే అయితే పని చేస్తుంది.

స్ట్రైక్ దాకా వెళ్లి, తీసేయడం తప్పని మీరు కౌంటర్ నోటిఫికేషన్ ఇస్తే, 10 పనిదినాల్లోపు వాళ్లు కోర్టుకు వెళ్లినట్టు చూపించాలి. లేకపోతే వీడియో వెనక్కి వస్తుంది. కౌంటర్‌లో మీ అసలు పేరు, చిరునామా వాళ్ల చేతికి వెళతాయి, అది తెలుసుకుని ఇవ్వండి. ఇంకో సంగతి, ఊరికే బెదిరించే నోటీసులు పంపితే, ఆ బెదిరింపు ఆపమని మనమే కోర్టుకు వెళ్లడానికి సెక్షన్ 60 ఉంది. చాలామందికి తెలియదు.

శ్రుతిపెట్టె
కోర్టు అనగానే నా హార్మోనియం మూగబోయింది సార్. 12 సెకన్ల కోసం కేసు వేస్తారా ఎవరైనా?

నల్లకోటు
పెద్దవాళ్ల మీద వేశారు. ఇండియా టీవీ మీద యశ్‌రాజ్ ఫిల్మ్స్ వేసిన కేసు చూడండి. ఒక గాయని టీవీ షోలో తన పాటల్లోంచి కొన్ని పంక్తులు పాడింది. ఒక ప్రకటనలో పాటలోని నాలుగైదు మాటలు వాడారు. 2012లో ఢిల్లీ హైకోర్టు డివిజన్ బెంచ్, ఇంత చిల్లర విషయాన్ని చట్టం పట్టించుకోదు అన్న సూత్రం మీద నడిచింది. అంటే సెక్షన్ 52 కాకుండా ఇంకో ఆసరా కూడా ఉంది. కానీ అక్కడిదాకా వెళ్లిన రెండు పక్షాలకూ లాయర్లను పెట్టుకునే స్తోమత ఉంది.

ఎడిట్_వాసు
2025 మేలో వార్తా ఏజెన్సీ ఏఎన్ఐ గొడవ కూడా గుర్తుచేసుకోండి. కొన్ని సెకన్ల క్లిప్పులకు స్ట్రైకులు వేసి, తీసేయాలంటే లక్షల్లో లైసెన్స్ కొనమన్నారని యూట్యూబర్లు బయటకొచ్చి ఆరోపించారు. వర్తమాన విషయాల మీద మాట్లాడేవాళ్లే వాళ్లంతా. సెక్షన్‌లో ఆ మాట ఉంది. ఉన్నా, మూడో స్ట్రైక్ పడేలోపు కోర్టు తీర్పు రాదు కదా.

డల్లాస్_బాబాయ్
శ్రుతిపెట్టె, ఇంకో చిక్కు. నీ వీడియో అమెరికాలో చూసేవాళ్లకి వేరే లెక్క. మన దగ్గర సినిమా హక్కు 2022తో అయిపోయినా, ఇక్కడ అమెరికా గడువే నడుస్తుంది. విడుదలైన ఏడాది నుంచి 95 ఏళ్లు. అంటే ‘గుండమ్మ కథ’ ఇక్కడ 2057 చివరిదాకా. ఆ రోజుల రికార్డింగులకైతే 2067 ఫిబ్రవరిదాకా.

మీమ్_మాస్టర్
హైదరాబాద్‌లో ఫ్రీ, డల్లాస్‌లో క్లెయిమ్. ఆవకాయకు కస్టమ్స్ వేసినట్టు పాటకు కూడా వేశారు బాబాయ్.

బీట్_మల్లేష్
ఏఐతోని గొంతు కొత్తగ తయారు చేసుకుంటే? రికార్డింగ్ వాడినట్టే కాదు కదా.

కోకిలమ్మ
వద్దు నాయనా. ఒక తెలుగు సినిమాలో బాలు గారి గొంతును ఏఐతో మళ్లీ పుట్టించారని, తమను అడగలేదని 2024 మొదట్లో ఆయన కొడుకు చరణ్ నోటీసు పంపారు. కుటుంబం అభ్యంతరం అంతా అడగకపోవడం మీదే.

నల్లకోటు
అదే ఏడాది జులైలో అరిజిత్ సింగ్ గొంతును ఏఐతో కాపీ కొట్టడాన్ని బొంబాయి హైకోర్టు ఆపింది. కాపీరైట్‌తో పాటు వ్యక్తిత్వ హక్కు, అంటే తన పేరు, గొంతు, ముఖం మీద మనిషికి ఉండే హక్కు, కూడా అక్కడ ముందుకొచ్చింది. శాంపిల్ తప్పించుకోబోయి దీంట్లో పడొద్దు.

బీట్_మల్లేష్
సరే, నా గొంతే గతి. జనాలే బాధపడాలె ఇగ.

రిటైర్డ్_ప్రొజెక్టర్
శ్రుతిపెట్టె, ఒక పాతకాలపు మనిషి సలహా. రికార్డు వినిపించడం ఎందుకు? నీ దగ్గర హార్మోనియం ఉంది. ఆ పల్లవి నువ్వే వాయించి చూపించు.

నల్లకోటు
అప్పుడు రికార్డింగ్ గొడవ తప్పుతుంది, బాణీ గొడవ 2034 దాకా ఉంటుంది. సమీక్ష కోసం కాబట్టి సెక్షన్ 52 అక్కడా పనికొస్తుంది.

శ్రుతిపెట్టె
ప్రొజెక్టర్ గారూ, వాయించి చూపిస్తాను కానీ, ఘంటసాల గొంతు ఆ పల్లవి చివర ఎలా దిగుతుందో హార్మోనియం చెప్పలేదు. అది వినాల్సిందే. అందుకే ఆ 12 సెకన్లు వదలను. డిస్ప్యూట్ పెట్టాను, సార్ చెప్పినట్టు నిమిషాలతో సహా రాశాను. ఇంట్రో మాత్రం తీసేశాను. మా వీధిలో మృదంగం వాయించే కుర్రాడున్నాడు, వాడితో కొత్తది చేయిస్తున్నాను.

ఎడిట్_వాసు
ఆ కుర్రాడితో ఒక కాగితం రాయించుకో బ్రో. ఎంత ఇచ్చావు, ఎక్కడెక్కడ వాడుకుంటావు, ఎన్నేళ్లు. కాలం, ప్రాంతం రాయకపోతే చట్టం ప్రకారం ఐదేళ్లు, ఇండియా వరకే అనుకుంటారని ఎక్కడో చదివాను.

నల్లకోటు
సరిగ్గానే చదివారు. సెక్షన్ 19.

బీట్_మల్లేష్
వీడియో కింద ఆ పిలగాని పేరు కూడా రాయి అన్నా. పెద్దక్షరాలల్ల.

శ్రుతిపెట్టె
రాస్తాను మల్లేష్. వాడికి ఇంకో కోరిక కూడా ఉంది, డబ్బులు కాకుండా కొత్త మృదంగం మూతలు వేయించమంటున్నాడు.

మీమ్_మాస్టర్
సింక్ లైసెన్స్ కంటే అదే చవక. త్వరగా ఒప్పుకో, వాడు ఈ చర్చ చదివేలోపు.